సర్ రోలండ్ హిల్
(చౌక తపాలాకు దారి చూపిన బడిపంతులు)

గ్రంథాలయమునకు వచ్చు పత్రికగాని, బెంగుళూరునకు కూలికి పోయిన కుమారుడు తల్లికి వ్రాసిన కార్డుగాని పల్లెకు చేరు విధానము ఎవరికిని వింతగా తోచదు. బళ్ళారినుండి వచ్చిన కార్డునకును, కలకత్తానుండి వచ్చిన కార్డునకును వెల ఒక్కటే. పంపువాడు ముందుగనే సొమ్ము చెల్లించును. అందుకొనువాడు దమ్మిడీయైనను ఈయనక్కరలేదు. ఈ ఏర్పాటు ఆదినుండియు ఉన్నదేయని అందరును తలంతురు. కాని దీనికి రెండువందల ఏండ్లైనను నిండలేదు. దీనిని సాధించినవాడు రాజు కాడు, మంత్రి కాడు, ఆనాటికి తపాలా ఉద్యోగియైనను కాడు. ఒక బీద బడిపంతులు కుమారుడు, తానును బడిపంతులే. ఆయన పేరు రోలండ్ హిల్. ఆయన జీవితము ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది. ప్రజలకొఱకు పెట్టిన సంస్థ ఖజానాకు లాభము తెచ్చుటకా, ప్రజలకు ఉపకరించుటకా అనునదే ఆ ప్రశ్న.

బాల్యము

రోలండ్ హిల్ 1795వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండునందలి కిడర్‌మిన్‌స్టర్ అను పట్టణమున జన్మించెను. తండ్రి థామస్ రైట్ హిల్ గణితమునందును, శాస్త్రములందును మిక్కిలి ఆసక్తి గలవాడు. కొత్త ఆలోచనలకు ఆయన ఇంట కొదువలేదు. ధనమునకు మాత్రము ఎప్పుడును కొదువయే. చేసిన వ్యాపారము కలిసిరాక, తుదకు ఆయన బర్మింగ్‌హామ్ ప్రాంతమున ఒక బడి పెట్టుకొని జీవించెను.

ఇంటి కష్టములను తల్లి ఇతర బిడ్డలకంటె రోలండునకే ఎక్కువగా చెప్పుకొని కంటతడి పెట్టుచుండెడిది. ఒకనాడు ఇంట ఒక్క షిల్లింగైనను లేదు. తపాలావాడు జాబు తెచ్చినచో దానికి సొమ్మెట్లు చెల్లింతునాయని ఆమె భయపడుచుండెను. ఆ కాలమున ఉత్తరము వ్రాసినవాడు కాక, అందుకొన్నవాడే సొమ్ము చెల్లించుట ఆచారము. బంధువులనుండి జాబు వచ్చుట ఎవరికైనను సంతోషకరమే. అట్టి జాబు వచ్చునేమోయని ఒక ఇల్లాలు బెదరుట ఆ పద్ధతిలోని లోపమును ఏ గణాంకములకంటెను బాగుగా తెల్పును. ఆమె దాచి ఉంచిన చింకిగుడ్డలను మూటగట్టి ఇచ్చి పంపగా, రోలండ్ వానిని అమ్మి సుమారు మూడు షిల్లింగులు తెచ్చి తల్లి చేతిలో పెట్టెను. ఈ సంఘటన ఆయన మనస్సునుండి ఎన్నడును చెరగలేదు.

పండ్రెండవ యేటనే రోలండ్ తండ్రి బడిలో చిన్నపిల్లలకు పాఠములు చెప్పసాగెను. ఎడతెగక లెక్కలు వేయుట, ప్రతి పనికిని క్రమము ఏర్పరచుట ఆయన స్వభావము. కుటుంబపు అప్పులు తీర్చు భారమును చిన్ననాటనే నెత్తిన వేసికొని, కొన్నియేండ్లలో వానిని తీర్చివేసెను. 1819లో సోదరులతో కలిసి హేజల్‌వుడ్ అను చోట కొత్త పాఠశాలను స్థాపించెను. బెత్తమే గురువునకు ఆయుధమైన ఆ కాలమున అచ్చట బెత్తము లేదు. తప్పుచేసిన విద్యార్థిని విచారించుటకు విద్యార్థులతోనే న్యాయసభ యుండెడిది. దూరదేశములనుండియు విద్యావేత్తలు ఆ బడిని చూడ వచ్చిరి. 1827లో ఆ సంస్థ శాఖ లండను సమీపమున టాటెన్‌హామ్‌నందలి బ్రూస్ కాజిల్ అను భవనమున వెలసినది.

కొంతకాలమునకు ఆరోగ్యము తగ్గి హిల్ బడిపని విడిచెను. చక్రములపై ఎడతెగక తిరుగు అచ్చుయంత్రమును ఒకదానిని కనిపెట్టి 1835లో హక్కు పొందెను. దక్షిణ ఆస్ట్రేలియా వలస సంఘమునకు కార్యదర్శిగా పనిచేసెను. ఈ రీతిగా నలుబది యేండ్లు నిండువరకును తపాలాతో ఆయనకు ఎట్టి సంబంధమును లేదు.

నాటి తపాలా

ఆనాటి బ్రిటనులో ఉత్తరమునకు వెల కట్టు విధానమును నేడు వినినచో నవ్వు వచ్చును. అనుభవించినవారికి మాత్రము అది నవ్వులాట కాదు. దూరమునుబట్టి ఒక వెల. కాగితముల సంఖ్యనుబట్టి మరియొక వెల. జాబులో రెండవ కాగితమున్నచో వెల రెండింతలగును. లోపల ఎన్ని కాగితములున్నవో తెలియుటకు గుమాస్తా దీపపు వెలుగునకు అడ్డముగా పెట్టి చూచెడివాడు. లండనునుండి ఎడింబరోకు ఒంటికాగితపు జాబునకు ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. అనగా పల్లెకూలివాని ఒకనాటి కూలిలో అధికభాగము. పార్లమెంటు సభ్యులకును, పెద్ద అధికారులకును మాత్రము సంతకము చేసిన చాలును, జాబు ఉచితముగా పోయెడిది. ఉన్నవానికి ఉచితము, లేనివానికి దండుగ అన్నట్లుండెను.

సొమ్ములేని జనము ఉపాయములు వెదకుకొనిరి. కవి కోలెరిడ్జ్ ఒకప్పుడు ఉత్తర ఇంగ్లండునందలి కొండసీమలో పోవుచుండగా, ఒక ఇంటివద్ద స్త్రీ యొకతె సోదరునినుండి వచ్చిన జాబును చేతబట్టి త్రిప్పిచూచి, సొమ్ము లేదని తిరిగి ఇచ్చివేయుచుండెను. కవి జాలిపడి తానే షిల్లింగు చెల్లించెను. తపాలావాడు కనుమరుగైన పిమ్మట ఆమె ఆ జాబు విప్పి చూపగా లోపల ఒక్క అక్షరమైనను లేదు. క్షేమముగా నున్నంతకాలము మూడుమాసముల కొకమారు ఖాళీకాగితము పంపవలెనని అన్నాచెల్లెండ్రు ఏర్పాటు చేసికొనిరి. పైన వ్రాలు చూచి ఆమె జాబు తిరుగగొట్టును. అన్న క్షేమమని తెలిసికొనును. ఈ కథను హిల్ తన రచనలో ఉదాహరించెను. నాటినుండి లోకులు దానిని హిల్‌కే జరిగినదిగా చెప్పుకొనుచున్నారు. కాని షిల్లింగు పోగొట్టుకొన్నవాడు కవియే.

ఇట్లు తిరుగగొట్టిన జాబులకు తపాలాశాఖ మోసిన కూలియు దండుగ. వర్తకులు జాబులను సరకుల మూటలలో దాచి పంపెడివారు. బండివాండ్రు దొంగచాటుగా చేరవేసెడివారు. 1815 మొదలు ఇరువదియేండ్ల కాలమున దేశమున జనము పెరిగినది, వర్తకము పెరిగినది, అద్దెబండ్లపై వచ్చు పన్ను రెండింతలకు మించినది. తపాలా రాబడి మాత్రము పెరుగలేదు. రాబడి తగ్గునను భయముతో అధికారులు వెల తగ్గింపరు. వెల తగ్గనందున జనము వ్రాయరు. జనము వ్రాయనందున రాబడి పెరుగదు. ఎండిన చెరువులో నీరు లేదని తూము మూసి, తూము మూసినందున పైరు లేదని ఏడ్చినట్లుండెను ఆ వ్యవహారము.

లెక్కలో దొరకిన సత్యము

పార్లమెంటు సభ్యుడు రాబర్టు వాలెస్ అప్పటికే తపాలా లోపములను సభలో పలుమార్లు ఎత్తిచూపుచుండెను. ఆయన సంపాదించి ఇచ్చిన ప్రభుత్వ నివేదికలను హిల్ మూటలు మూటలుగా తెచ్చుకొని చదివెను. బడిలో లెక్కలు చెప్పిన బుద్ధి ఇప్పుడు పనికివచ్చెను. ఒక జాబు లండనునుండి ఎడింబరో చేరువరకు ఏయే పనికి ఎంత వ్యయమగుచున్నదో విడదీసి చూచెను. దారిబండిపై నాలుగువందల మైళ్ళు మోయుటకు ఒక్కొక్క జాబునకు పడు ఖర్చు పెన్నీలో ముప్పదియారవ భాగము మాత్రమేయని తేలినది.

మరి వ్యయమంతయు ఎచ్చట? ప్రతి జాబుకును దూరము చూచి వెల కట్టుట, కాగితములు లెక్కించుట, ఊరూరి గుమాస్తాలు ఒకరిపై ఒకరు పద్దులు వ్రాసికొనుట, తపాలావాడు ప్రతి గుమ్మమున సొమ్ముకొఱకు నిలుచుట, చిల్లర లేదన్నచో మరల తిరుగుట — ఇవియే తపాలాను తినివేయుచుండెను. కావున దూరమునుబట్టి వెల కట్టుట అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడనని హిల్ గ్రహించెను. దేశమంతటికిని ఒకే వెల యుండవలెను. అది ఒక పెన్నీ కావలెను. తూకమునుబట్టియే కాని కాగితములనుబట్టి ఉండరాదు. పంపువాడే ముందుగా చెల్లింపవలెను. చెల్లించినందులకు గుర్తుగా వెనుక జిగురు పూసిన చిన్న కాగితపుముక్కను జాబుపై అంటింపవచ్చును.

ఈ సంగతులన్నియు వ్రాసి 1837 జనవరిలో ఆయన ఒక చిన్న పుస్తకమును సిద్ధపరచి ప్రభుత్వమునకు సమర్పించెను. పిమ్మట ప్రజలకొఱకును ప్రకటించెను. వర్తకులు, బ్యాంకివారు, పత్రికలవారు దానిని చేతులారా అందుకొనిరి. తపాలాశాఖకు అధిపతియైన లిచ్‌ఫీల్డ్ ప్రభువు మాత్రము దీనిని పిచ్చివాని ఊహగా త్రోసివేసెను. కార్యదర్శి కర్నల్ మేబర్లీ ఖజానా మునిగిపోవునని హెచ్చరించెను. అంత జాబులు వచ్చినచో మోయుటకు బండ్లును, ఉంచుటకు ఇండ్లును చాలవని కొందరు అధికారులు వాదించిరి. జాబులు ఎక్కువగుటయే దోషమైనచో తపాలా ఎందులకని జనము నవ్వుకొనిరి.

లండను వర్తకుల సంఘము హెన్రీ కోల్ అను ఉత్సాహవంతుని సాయముతో గొప్ప ప్రచారము నడపెను. 1839లో పార్లమెంటునకు రెండువేలకు పైగా అర్జీలు చేరినవి. విచారణసంఘము రెండు పెన్నీల వెలను సిఫారసు చేసెను; ప్రజలు పెన్నీయే కావలెనని పట్టుబట్టిరి. తుదకు ఆ యేడు ఆగష్టు 17వ తేదీన చట్టమునకు రాణి ఆమోదము లభించెను. హిల్‌ను రెండేండ్ల గడువుపై ఖజానా కార్యాలయమున నియమించిరి.

1840 జనవరి 10వ తేదీనుండి దేశమంతట అరౌన్సు జాబునకు — అనగా తులమునకు కొంచెము ఎక్కువ తూకమునకు — పెన్నీ వెల అమలులోనికి వచ్చెను. మే 6వ తేదీనుండి విక్టోరియారాణి ముఖచిత్రముగల నల్లని తపాలా బిళ్ళ చెలామణి అయ్యెను. లోకమున అదియే మొదటి తపాలా బిళ్ళ. దానిపై దేశము పేరు లేదు; వేరొక దేశమునకు బిళ్ళయే లేనప్పుడు పేరుతో పనియేమి? నేటికిని బ్రిటను బిళ్ళలపై దేశము పేరుండదు. నల్లని బిళ్ళపై కొట్టిన ఎఱ్ఱసిరాముద్రను కొందరు కడిగివేసి బిళ్ళను మరల వాడుచుండుటచే, 1841లో బిళ్ళను ఎఱ్ఱరంగునకును, ముద్రను నల్లసిరాకును మార్చిరి.

రాబడి పడిపోవుట

ఇచ్చట హిల్ జీవితమున కఠినపరీక్ష ఆరంభమైనది. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షల జాబులు పోయియుండగా, 1840లో సుమారు 16 కోట్ల 90 లక్షలు పోయినవి. ఒక్క సంవత్సరమున జాబులు రెండింతలకు మించుట గొప్ప విజయమే. కాని ఖజానా పుస్తకము వేరొక కథ చెప్పెను. మొత్తము రాబడి సుమారు 23 లక్షల 90 వేల పౌనులనుండి 13 లక్షల 60 వేల పౌనులకు దిగెను. ఖర్చులు పోగా మిగులు 16 లక్షల పౌనులకు మించియుండినది 5 లక్షలకు పడిపోయెను.

జాబులు ఐదింతలైనచో రాబడి నిలదొక్కుకొనునని హిల్ లెక్క. ఆ లెక్క తప్పు కాదు. అది నెరవేరుటకు పట్టు కాలమును మాత్రము ఆయన తక్కువగా తలచెను. అలవాటులేని జనము ఒక్కనాట కలము పట్టరు. చదువురానివానికి వెల తగ్గినను జాబు వ్రాయుట రాదు. బడులు పెరుగవలెను, రైళ్ళు నడువవలెను, పల్లెలకు తపాలా పోవలెను. వీని కన్నింటికిని ఏండ్లు పట్టును. ప్రత్యర్థులకు అంతవరకు ఓపిక లేదు. ఈ సంస్కరణ దివాలాకు దారియని వారు చాటిరి. హిల్ ప్రణాళికలో వెల తగ్గించుట ఒకటే కాదు. జాబులు త్వరగా చేరవేయుట, ఊరూర తపాలాయిండ్లు పెట్టుట, వృథాఖర్చు తగ్గించుట కూడ నున్నవి. అధికారులు వెలమాత్రము తగ్గించి, తక్కినవానిని పక్కనబెట్టిరి; పిమ్మట రాబడి రాలేదని ఆయననే నిందించిరి.

ప్రభుత్వము మారెను. పీల్ మంత్రివర్గము 1842లో హిల్‌ను పనినుండి తొలగించెను. జీతము లేకున్నను పనిచేతునని ఆయన వేడినను లాభము లేకపోయెను. ఏబదియేండ్లకు సమీపించుచున్న వయసున, తాను నాటిన మొక్క వేరు పట్టకముందే తోటనుండి ఆయన వెలివేయబడెను.

ఆయన క్రుంగలేదు. లండను-బ్రైటన్ రైలు సంఘమునకు 1843లో అధ్యక్షుడై, అచ్చటను వేగముగా పోవు బండ్లను, సామాన్యులకు సెలవునాటి చౌకబండ్లను నడపి ఆ సంఘమును బాగుచేసెను. ఇంతలో ప్రజలు ఆయనను మరువలేదు. పెన్నీ తపాలావలన మేలు పొందినవారు చందాలు వేసి 13 వేల పౌనులు కూర్చి 1846లో ఆయనకు సమర్పించిరి. ఆ యేడే కొత్త ప్రభుత్వము ఆయనను తపాలాశాఖలోనికి పిలిచెను. తనను ద్వేషించిన మేబర్లీ పక్కనే ఎనిమిదేండ్లు ఓర్పుతో పనిచేసి, 1854లో ఆయన శాఖ కార్యదర్శియయ్యెను.

ఆయన తిరిగి వచ్చిన పిమ్మట 1848లో పుస్తకములను చౌకగా పంపు బుక్‌పోస్టు ఏర్పడెను. దూరపుటూళ్ళ పాఠకులకును, చిన్న గ్రంథాలయములకును ఇది వరమయ్యెను. లండను నగరమును తపాలా మండలములుగా విభజించిరి. 1851 నాటికి మొత్తము రాబడి పూర్వపు అంకెను దాటెను. మిగులు పూర్వస్థితికి వచ్చుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. 1860లో సుమారు 56 కోట్ల జాబులు పోయినవి. హిల్ ఓడిపోలేదు, ఆయన గడియారము ముందు నడచినది, అంతియే.

హిల్ దోషము లేని మనిషి కాడు. పట్టుదల ఆయన బలము. అదియే ఆయన బలహీనతయు. తన అభిప్రాయమునకు ఎదురాడినవానిని శత్రువుగా తలచెడివాడు. క్రింది ఉద్యోగులతో కఠినముగా నుండెడివాడు. ఆ శాఖలోనే ఉద్యోగియైన నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్‌కును ఆయనకును ఎన్నడును పొసగలేదు. జిగురుబిళ్ళ ఆలోచన తమదేయని డండీ పట్టణపు పుస్తకవర్తకుడు జేమ్స్ చామర్స్ పక్షమువారు వాదించిరి. అయితే బిళ్ళ ఎవరిదైనను, చౌకవెల దేశమంతటికిని ఒక్కటిగా నుండవలెనను సిద్ధాంతమును లెక్కలతో నిరూపించి, నిందలు పడి, ఇరువదియేండ్లకు పైగా కాచినవాడు ఆయనయేయని అందరును అంగీకరింతురు.

1860లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1864లో అనారోగ్యముచేత పదవినుండి విరమించెను. ప్రభుత్వము పూర్తి జీతమును పింఛనుగా నిచ్చి, 20 వేల పౌనుల బహుమానముతో సత్కరించెను.

భారతదేశమున

బ్రిటనులో వెలిగిన దీపపు వెలుతురు ఇతరదేశములకును ప్రాకెను. 1843లో బ్రెజిలును, స్విట్జర్లండునందలి జ్యూరిచ్, జెనీవాలును, 1847లో అమెరికాయు, 1849లో ఫ్రాన్సును బిళ్ళలు వాడసాగెను.

భారతదేశమున 1837లోనే తపాలాచట్టము వచ్చినది. కాని వెల దూరమునుబట్టియే. కలకత్తానుండి బొంబాయికి తులము బరువు జాబునకు ఒక రూపాయి, ఆగ్రాకు పండ్రెండణాలు. ఇది కుంఫిణీ దొరలకును, సాహుకార్లకును తగిన వెలయే కాని రైతునకు కాదు. 1850లో నియమింపబడిన విచారణసంఘము హిల్ సిద్ధాంతమునే ఇచ్చటికిని తగునని తేల్చెను. డల్‌హౌసీ గవర్నర్ జనరలుగా నున్న కాలమున, 1854 అక్టోబరు 1వ తేదీనుండి, దేశమున ఏ మూలకైనను పావుతులము జాబునకు అర్ధణా వెల నిర్ణయమయ్యెను. దేశమంతటికిని చెల్లు బిళ్ళలు వచ్చినవి. బిళ్ళ అంటింపని జాబునకు, పుచ్చుకొనువాడు రెండింతలు చెల్లింపవలెను. పల్లెలలో చిరకాలము వాడుకలో నుండిన బేరింగు జాబు ఇదియే. 1869లో అర్ధణాకు అరతులము జాబు పంపవచ్చునని వెలను మరింత తగ్గించిరి.

ఆనాటికి అనంతపురము జిల్లా లేదు. ఈ తాలూకాలు బళ్ళారి జిల్లాలో చేరియుండెను. రన్నరు భుజమున సంచి, చేత గజ్జెలు కట్టిన ఈటె ధరించి ఒక మజిలీనుండి మరియొక మజిలీకి పరుగెత్తెడివాడు. 1871 నాటికి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరువరకు మద్రాసు రైలుమార్గము పూర్తియైనది. టపా వేగము పెరిగినది.

అంతలో 1876 మొదలు 1878 వరకు ధాత కరువు వచ్చెను. వానలు లేవు. పెన్న, చిత్రావతులు ఇసుకమేటలై మిగిలినవి. బళ్ళారి, కర్నూలు, కడప సీమలలో లక్షలాది జనము తిండిలేక, తెగుళ్ళచే మడిసిరి. మిగిలినవారు పశువులను వదలి, ఇండ్లకు తాళములైనను వేయక చెదరిపోయిరి. అట్టి కాలమున ఎవరు ఎచ్చట బ్రతికియున్నారో తెలియుటకంటె గొప్ప కోరిక ఏ ఇంటికిని ఉండదు. కరువుసీమలో జాబు విలాసము కాదు. అది బ్రతుకు వార్త.

ఆ కరువు వెనుకనే, 1879 జూలై 1వ తేదీన, భారతదేశమున మొదటి పోస్టుకార్డు అమ్మకమునకు వచ్చెను. వెల పావు అణా, అనగా ఒక కానీ. పంపువాడు కవరు కొనవలదు, బిళ్ళ అంటింపవలదు. వ్రాయ నేర్చినవాని చేత నాలుగు ముక్కలు వ్రాయించి పెట్టెలో వేసిన చాలును. మరుసటి యేడు, 1880లో, తపాలాయిండ్లద్వారా మనియార్డరు వచ్చెను. వలసపోయిన కూలి తన కష్టార్జితమును ఊరిలోని ముసలితల్లికి పంపు మార్గమేర్పడెను. 1882లో తపాలా సేవింగ్సు బ్యాంకు ఆరంభమయ్యెను. అనంతపురము ప్రత్యేక జిల్లాయైనదియు ఆ సంవత్సరమే.

కానీ కార్డు భారతదేశమున అడుగుపెట్టిన రెండు మాసములు నిండకమునుపే, 1879 ఆగష్టు 27వ తేదీన, రోలండ్ హిల్ లండనునందలి హాంప్‌స్టెడ్‌లో తన 83వ యేట పరమపదించెను. రాజులును, కవులును నిదురించు వెస్ట్‌మినిస్టర్ ఆబీయందు ఆయన దేహమును సమాధి చేసిరి. చింకిగుడ్డలమ్మి జాబు సొమ్ము తెచ్చిన బాలునికి అట్టి గౌరవము దక్కినది. పెన్న ఒడ్డున కరువుకు చిక్కి చెదరిన కుటుంబములకు ఆయన పేరు తెలియదు. అయినను ఆయన వేసిన లెక్కయే వారి చేతికి కార్డు నందించినది.

మిగిలిన ప్రశ్న

హిల్ ఎదుర్కొన్న ప్రశ్న ఆయనతో ముగియలేదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఖర్చులు పెరిగి, తపాలా లెక్కలు తలక్రిందులు కాగా, 1922లో భారత ప్రభుత్వము కార్డు వెలను పావు అణానుండి అర్ధణాకును, జాబు వెలను అర్ధణానుండి అణాకును పెంచెను. అప్పుడును కరువుసీమలవారికే ఆ బరువు ఎక్కువగా తోచెను. స్వాతంత్ర్యానంతరము పల్లెపల్లెకు తపాలాయిండ్లు వచ్చినవి. వానిలో చాలావాటికి రాబడికంటె ఖర్చే అధికము, తెలిసియే పెట్టిరి. కార్డును మోయుటకగు ఖర్చు కార్డు వెలకు ఎన్నోరెట్లు. ఆ తేడాను ఇతర సేవల రాబడియు, ప్రభుత్వ ఖజానాయు భరించుచు వచ్చినవి.

టెలిఫోను వచ్చి జాబుల సంఖ్య తగ్గినకొలది ఈ భారము అన్ని దేశములందును పెరిగినది. హిల్ పనిచేసిన బ్రిటను తపాలాసంస్థయే 2013లో ప్రైవేటు వాటాదారుల చేతికి పోయినది. భారతదేశమున 2024 డిసెంబరులో రిజిస్టర్డు బుక్‌పోస్టు అను చౌకపద్ధతి ఎత్తివేయబడినది. పుస్తకములు తెప్పించుకొను పాఠకునకును, చిన్న ప్రచురణకర్తకును, పల్లెలోని గ్రంథాలయమునకును అది తగిలిన దెబ్బ.

లోటును చూచి కండ్లు మూసికొనుమని హిల్ ఎవరికిని చెప్పలేదు. ఆయనకంటె గట్టిగా లెక్కలు చూచినవాడు లేడు. వృథాఖర్చు తగ్గింపవలెను, పని త్వరగా, చక్కగా జరుగవలెను. ఆ పిమ్మటనే వెల మాట. వెల పెంచి జనమును దూరముచేసినచో సంస్థ పేరునకే మిగులును. వెల తగ్గించి జనమును చేరదీసినచో ఫలము ఆలస్యముగానైనను వచ్చును. ఇది ఆయన జీవితమంతయు నిలబెట్టుకొన్న మాట.

గ్రంథాలయమునకును ఈ న్యాయమే వర్తించును. చందాసొమ్ముతో పుస్తకముల వెలయైనను గిట్టదు. దీపపు ఖర్చు, బీరువా ఖర్చు, పత్రికల ఖర్చు లెక్కవేసినచో ఏ పల్లె గ్రంథాలయమును లాభములో నడువదు. అయినను సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఊరివారికి పత్రిక చదివి వినిపించువాడు ఒక్కడున్నను, వలసపోయిన బిడ్డ జాబును తల్లికి చదివిపెట్టువాడు ఒక్కడున్నను, ఆ లోటు లోటు కాదు. ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుకొన్న గ్రామమునకు ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. తొలియేట చదువరులు కొద్దిమందియే యుందురు. పదియేండ్లకు వారి పిల్లలు వత్తురు. వానకు ఎదురుచూచుచునే విత్తనము దాచుకొను రైతులు గల సీమ ఇది. రోలండ్ హిల్ ఇరువదియేండ్లకు పైగా ఎదురుచూచెను. ఆ ఓర్పు ఫలమును లోకమంతయు అనుభవించినది.